కెనాన్ కెమెరా వాడేవాళ్లకీ నికాన్ కెమెరా వాడేవాళ్లకీ మధ్య పోటీ నిజంగానే ఉంటుందా? స్నేహితుల మధ్య అయితే ఎలా ఉంటుంది?

ఉంటుంది. ఉండడమే కాదు, గట్టిగానే ఉంటుంది. ఏళ్ల తరబడి నేను అందులోనే ఉన్నాను. నాది కెనాన్. నాతో కలిసి ఫొటోలు తీసే స్నేహితుడిది నికాన్. 2009లో కొన్ని నెలల తేడాతో ఇద్దరం మొదటి డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే డిజిటల్ కెమెరాలు) కొన్నాం. నేను 500డీ, వాడు డీ90. అప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. పేరు రాయడం వాడికి ఇష్టం ఉండదు కాబట్టి ఇక్కడ మావాడు అనే అంటాను.

ఎవరు ఏ బ్రాండ్‌లోకి వస్తారన్నది చాలాసార్లు బేరీజు వేసుకుని తేల్చుకునేది కాదు. నాకు ఫొటోగ్రఫీ నేర్పినాయన కెనాన్ వాడేవారు. అడిగితే తన 85 ఎంఎం లెన్స్ ఇచ్చేవారు. ఆ లెన్స్ ఎక్కాలని నేనూ కెనాన్ కొన్నాను. మావాడి ఇంట్లో వాళ్ల నాన్నగారు ఫిల్మ్ రోజుల్లో వాడిన నిక్కోర్ (నికాన్ లెన్స్‌ల పేరు అది) 105 ఎంఎం ఎఫ్ 2.5 లెన్స్ ఉండేది. ఒళ్లంతా లోహమే. చేతిలో పెడితే బరువు తెలిసేది. ఫోకస్ రింగ్ మాత్రం నూనె రాసినట్టు జారేది. ఆయన పోయాక అది మావాడి చేతికి వచ్చింది. వాడికి కావలసింది ఆ లెన్స్ ఎక్కే కెమెరా, అంతే.

నికాన్ వాళ్ల గొప్ప ఇక్కడే ఉంది. లెన్స్ కెమెరాకి బిగిసే చోటుని మౌంట్ అంటారు. వాళ్ల ఎఫ్ మౌంట్‌ని 1959లో నికాన్ ఎఫ్ కెమెరాతో తెచ్చారు. ఆ తర్వాత లోపల ఎన్ని మార్పులు చేసినా మౌంట్ మాత్రం మార్చలేదు. నాన్నగారి లెన్స్ కొడుకు డిజిటల్ కెమెరాకి టక్కుమని ఎక్కింది. కాకపోతే డీ90 మీద ఆ లెన్స్‌కి వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు. మావాడు మాన్యువల్‌లో పెట్టుకుని, ఒకటి తీసి, తెర మీద చూసుకుని, మళ్లీ సరిచేసుకునేవాడు. ఏడాది తిరిగేసరికి మీటర్ అక్కర్లేకుండానే వెలుతురు చూసి ఎక్స్‌పోజర్ (ఎంత వెలుతురు లోపలికి రానివ్వాలో) చెప్పేసేవాడు. అది నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇక మా వాదనల సంగతి. వాడి మొదటి అస్త్రం 1987. ఆ ఏడాది కెనాన్ ఈఓఎస్ అనే కొత్త కెమెరాల వరస తెచ్చి, పాత ఎఫ్‌డీ మౌంట్‌ని పక్కన పెట్టేసింది. ఎఫ్‌డీ లెన్స్‌లు కొనుక్కున్న వాళ్లంతా కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. "మా నాన్న కెనాన్ కొని ఉంటే ఈ లెన్స్ ఈపాటికి అలంకారానికి పనికొచ్చేదిరా" అంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. 54 ఎంఎం వెడల్పు నోరు, లెన్స్‌తో పూర్తిగా ఎలక్ట్రానిక్‌గా మాట్లాడే మౌంట్, ప్రతి ఆటోఫోకస్ లెన్స్‌కీ దాని సొంత మోటార్. ఇవన్నీ పాతదాన్ని వదిలితేనే వచ్చాయి. నికాన్ మొదట మోటార్‌ని బాడీలో, అంటే కెమెరాలోనే పెట్టి, చిన్న స్క్రూతో లెన్స్‌ని తిప్పింది. తర్వాత 2006లో డీ40 దగ్గర మొదలుపెట్టి చిన్న బాడీల్లో ఆ మోటార్ తీసేసింది. అందుకే ఆ బాడీల మీద పాత ఏఎఫ్ (ఆటోఫోకస్) లెన్స్‌లు ఎక్కుతాయి కానీ వాటంతట అవి ఫోకస్ చేయవు. "ఎక్కడం వేరు, పనిచేయడం వేరు" అని నేను అన్నానంటే వాడు ఒంటికాలి మీద లేస్తాడు.

అయితే వాడి దగ్గర ఇంకో మాట ఉంది. దానికి మాత్రం నేనేమీ అనలేను. 1936లో అమ్మకానికి వచ్చిన హాంసా కెనాన్, ఆ కంపెనీ అమ్మిన మొట్టమొదటి కెమెరా. అప్పటికి వాళ్లకి లెన్స్‌లు తయారుచేసుకునే ఏర్పాటు లేదు. దానికి నిక్కోర్ 50 ఎంఎం ఎఫ్ 3.5 లెన్స్ చేసి ఇచ్చింది నిప్పన్ కొగాకు. అంటే నేటి నికానే. "మీ పుట్టుకకి మంత్రసాని మేమేరా" అంటాడు. నిజమే కదా! వాడు మరీ రెచ్చిపోతే నేను సెన్సర్ల (ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే చిప్‌ల) మాట ఎత్తుతాను. నికాన్ కెమెరాల్లో చాలావాటికి సెన్సర్లు చేసింది సోనీ. మేం కెనాన్, నికాన్ అని కొట్టుకుంటుంటే లోపల ఇంకెవరో ఉన్నారు.

2007, 2008 మాకు బాగా ఇష్టమైన కాలం. ఇద్దరం అప్పటికి కెమెరా కూడా కొనలేదు, అయినా ఆ రెండేళ్ల గురించి చేసిన వాదనలు అన్నీ ఇన్నీ కావు. కెనాన్ 2002లోనే 1డీఎస్‌తో ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్) ఇచ్చింది. నికాన్‌కి అది 2007లో డీ3తో గానీ రాలేదు. కానీ వచ్చినప్పుడు తక్కువ వెలుతురులో డీ3 చూపించిన శుభ్రత చూసి, ఆటలు తీసే ఫొటోగ్రాఫర్లు కొందరు కెనాన్ తెల్ల లెన్స్‌లు దించి నికాన్ నల్ల లెన్స్‌లు ఎత్తుకున్నారు. మరుసటి ఏడాది డీ90 వచ్చింది. వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ అదే, 720 లైన్లు. కొన్ని వారాల్లోనే కెనాన్ 5డీ మార్క్ 2 ప్రకటించి 1080 ఇచ్చింది. ముందు తీసింది మేం అంటాడు వాడు. సినిమా వాళ్లు పట్టుకెళ్లింది మాది అంటాను నేను. రెండూ నిజమే. ఒకరి వెనక ఒకరు తరుముకోకపోతే ఈ రెండూ అంత వెంటవెంటనే వచ్చేవా అన్నది నా అనుమానం.

ఒకసారి పొద్దున్నే చెరువు గట్టున పిట్టల కోసం కూర్చున్నాం. "ఈ పూటకి కెమెరాలు మార్చుకుందాం" అన్నాడు మావాడు. అప్పటికి నాది 60డీ, వాడిది డీ7000, ఇద్దరి దగ్గరా 70-300 జూమ్‌లే. సరేనన్నాను. లెన్స్ ఊడదీసి చూద్దామనుకుంటేనే మొదటి దెబ్బ తగిలింది. కెనాన్ లెన్స్ ఎటు తిప్పితే బిగుస్తుందో, నికాన్ లెన్స్ అటు తిప్పితే ఊడుతుంది. తెలిసిన సంగతే, చేతికి మాత్రం తెలియదు.

కాసేపటికి లకుముకి పిట్ట ఒకటి వచ్చి నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీద వాలింది. గొంతు కింద తెలుపు మరీ వెలిగిపోతోంది. కాస్త తగ్గిద్దామని డయల్ తిప్పాను. ఫొటో ఇంకా తెల్లబోయింది. ఆ కెమెరాలో మీటర్ గీతకి ప్లస్ ఎడమ పక్కన ఉంటుంది, నాదాంట్లో కుడి పక్కన. అది గుర్తొచ్చి సరిచేసుకునేలోపు పిట్ట తల వంచింది. దూకబోతోందని తెలిసింది. ఫ్రేమ్ కాస్త వెడల్పు చేద్దామని జూమ్ రింగ్ తిప్పాను. నా వేళ్లు తిప్పింది కెనాన్ జూమ్‌ని. చేతిలో ఉన్నది నికాన్. వెడల్పు కావాల్సింది పోయి 300కి వెళ్లి కూర్చుంది. నాకు మిగిలింది ఖాళీ కొమ్మ, దాని చివర ఊగుతున్న ఆకు.

పక్కకి చూస్తే మావాడి చూపుడువేలు షట్టర్ బటన్ చుట్టూ తడుముతోంది. నికాన్‌లో ఆన్ చేసే మీట అక్కడే, బటన్ చుట్టూ ఉంటుంది. 60డీలో అది ఎడమ చేతివైపు, మోడ్ డయల్ కింద ఉంటుంది. వాడికి కెమెరా ఆన్ కూడా కాలేదు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, ఏమీ మాట్లాడకుండా ఎవరి కెమెరా వాళ్లం తీసేసుకున్నాం.

బ్రాండ్ మీద అభిమానం అని అందరూ అనేదాంట్లో సగం ఇదేనని నాకు ఆ పొద్దున అర్థమైంది. అది కంపెనీ మీద కాదు, వేళ్లకి పడిన అలవాటు మీద. పిట్ట దూకే క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు. వేళ్లకి తెలిసింది వేళ్లు చేసుకుపోతాయి. ఇన్నేళ్లు పోగేసుకున్న లెన్స్‌లు మిగతా సగం. మూడో లెన్స్ కొన్నాక ఎవరైనా బ్రాండ్ మారాలంటే గుండె రాయి చేసుకోవాలి.

ఇప్పుడు పందెం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పోటీ వల్ల నాకు నిజంగా ఒరిగింది అక్కడే. రంగులు చూసి ఏది కెనాన్, ఏది నికాన్ అని చెప్పగలనని నేను అన్నాను. కెనాన్‌లో చర్మం రంగు వెచ్చగా ఉంటుందని అందరూ అనే మాటే నేనూ నమ్మేవాణ్ణి. ఇంకో స్నేహితుణ్ణి మధ్యవర్తిగా పెట్టాం. ఇద్దరం రాత్రిపూట ఒకే వీధిలో, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌లతోనే, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) 11కి మూసి, స్టాండ్ మీద పెట్టి తలా 10 ఫొటోలు తీశాం. అతను ప్రింట్లు వేయించి, కలిపేసి, బల్ల మీద పరిచాడు.

నేను ఒక్కో ప్రింటూ కళ్లకి దగ్గరగా పెట్టుకుని గోడల రంగు, ఆకాశం రంగు చూస్తూ తంటాలు పడ్డాను. 20కి 11 సరిగ్గా చెప్పాను. కళ్లు మూసుకుని చెప్పినా దాదాపు అన్నే వచ్చేవి. మావాడు ఒక్కో ప్రింటుకి రెండు క్షణాలు కూడా తీసుకోలేదు. 20కి 20. నాకు నోట మాట రాలేదు. తర్వాత చెప్పాడు. వాడు రంగులు చూడనే లేదు, వీధి దీపాల చుట్టూ నక్షత్రంలా వచ్చే కొసలు లెక్కపెట్టాడు. నా 50 ఎంఎం పాత మోడల్, ఎపర్చర్‌ని మూసే రేకులు 5. వాడిదాంట్లో 7. రేకుల సంఖ్య బేసి అయితే కొసలు రెట్టింపు వస్తాయి. నా దీపాలకి 10, వాడి దీపాలకి 14. సరిసంఖ్య అయితే ఎదురెదురు కొసలు ఒకదాని మీద ఒకటి పడిపోయి రేకులు ఎన్నో కొసలూ అన్నే కనిపిస్తాయి. మీ దగ్గర లెన్స్ ఉంటే ఈ రాత్రే మూసి తీసి చూడండి, తేలిపోతుంది.

అది మోసం అని నేను ఒప్పుకోలేదు. దీపాలు లేని ఫొటోలతో ఇంకో వంతు పెట్టమన్నాను. పగటిపూట మనుషుల ఫొటోలు, తలా 10. ఈసారి రేకులు లెక్కపెట్టే వీల్లేదు. మావాడు 20కి 17 చెప్పాడు. ఎలాగని అడిగితే మొదట నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నా ప్రింట్లు నాలుగు వరసగా పేర్చి, "ఇది చూడు, ఇది చూడు. మనిషి ఎటు నడుస్తున్నాడో అటు నువ్వు చోటు వదలవు. వాళ్ల ముక్కు ఫ్రేమ్ గోడకి తగులుతుంది. అది చూసి పట్టేశాను" అన్నాడు.

నాలుగేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను అప్పటికి. ఎంతోమంది చూశారు, బాగున్నాయన్నారు. ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ అంత పట్టి పట్టి చూడలేదు. ఇష్టమైనవాళ్లు మెచ్చుకోవడానికి చూస్తారు, ముక్కూమొహం తెలియనివాళ్లు చూసీ చూడనట్టు వెళ్లిపోతారు. మీ ఫొటోని అంగుళం అంగుళం గాలించేది మీతో పోటీ పడేవాడే. ఓడించాలని చూస్తాడు, అందుకే చూస్తాడు. స్నేహితుడు కూడా అయితే చూసింది దాచుకోడు. ఆ రోజు నుంచి షట్టర్ నొక్కే ముందు మనిషి ముందున్న ఖాళీ చూసుకోవడం నాకు అలవాటైంది.

ఒక స్టేజ్ ప్రోగ్రామ్‌లో జరిగింది కూడా చెప్పాలి. అప్పటికి నా చేతిలో 5డీ మార్క్ 2, సొంతంగా కొనుక్కున్న 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్. చీకట్లో మెట్లు దిగుతూ లెన్స్ మారుస్తుంటే చేయి జారింది. 85 మెట్టు అంచుకి తగిలి, మౌంట్ వంగిపోయింది. తప్పు పూర్తిగా నాదే, నిలబడి మార్చాల్సింది. నృత్యం మొదలవడానికి పది నిమిషాలు కూడా లేదు. మిగిలిన జూమ్ లెన్స్ ఆ వెలుతురుకి చాలదు. ఆ టెన్షన్‌లో ఏం చేయాలో తోచలేదు.

మావాడు ఏమీ అడగలేదు. బ్యాగ్ జిప్ తీసి వాళ్ల నాన్నగారి 105 బయటికి తీశాడు. పక్క జేబులోంచి సన్నటి అడాప్టర్ రింగ్ ఒకటి తీసి దానికి బిగించి నా చేతిలో పెట్టాడు. ఆ రింగ్ వాడు నన్ను ఉడికించడానికి కొన్నది. "మా లెన్స్ నీ కెమెరాకి ఎక్కుతుంది, నీ లెన్స్ మా కెమెరాకి ఎక్కదు" అని నిరూపించడానికి ఎప్పుడూ బ్యాగ్‌లో పెట్టుకుని తిరిగేవాడు. దాని వెనకున్న లెక్క చిన్నదే. మౌంట్ నుంచి సెన్సర్ దాకా నికాన్ ఎఫ్‌లో దూరం 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో (ఈఓఎస్ కెమెరాల మౌంట్) 44. తేడా 2.5 మిల్లీమీటర్లు. అంత మందం ఉన్న రింగ్ మధ్యలో పెడితే నికాన్ లెన్స్ కెనాన్ మీద దూరాలకి కూడా చక్కగా ఫోకస్ అవుతుంది. నా లెన్స్ వాడి కెమెరాకి కావాలంటే 2.5 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. అది కుదరదు కాబట్టి, రింగ్‌లో అదనంగా ఒక గాజు కటకం పెడితే తప్ప దూరంగా ఉన్నదేదీ ఫోకస్ కాదు.

ఆ లెన్స్ ఎక్కించి ఆన్ చేస్తే ఎపర్చర్ ఉండాల్సిన చోట 00 అని కనిపించింది. కెమెరాకి ముందు లెన్స్ ఉందని కూడా తెలియదు. ఆటోఫోకస్ లేదు. ఆ గంటన్నర ఎడమ చెయ్యి రింగ్ మీదే ఉంది. కదలికని ముందే ఊహించి, ఆ దూరానికి రింగ్ తిప్పుకుని, నర్తకి అక్కడికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నొక్కాను. చాలా పోయాయి. ఒకటి మాత్రం నిలిచింది. ఆమె తల వెనక్కి వాల్చింది, పక్క లైట్ చెంప మీదుగా జారి కనురెప్పల అంచున ఆగింది. ఒక్కో వెంట్రుకా విడిగా లెక్కపెట్టొచ్చు, వెనకంతా మెత్తటి చీకటి. ఆ ఫొటో ఇప్పుడు మావాడి ఇంట్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్లకి "లెన్స్ మాది" అని చెబుతాడు. నేను అక్కడే ఉంటే "సెన్సర్ మాది" అంటాను.

ఈ పోటీకి ఒక చెడ్డ ముఖం కూడా ఉంది, అది దాచి రాయడం న్యాయం కాదు. మాతో కొన్నాళ్లు ఒక కుర్రాడు ఫొటోలు తీయడానికి వచ్చేవాడు. తనది అన్నిటికంటే చిన్న మోడల్ కెమెరా, దానితో వచ్చిన కిట్ లెన్స్. ఎవరో ఒకాయన అందరి ముందూ దాని పేరు చదివి, ఆ బ్రాండ్‌తో ఇంతకంటే ఏం వస్తుందిలే అన్నాడు. ఆ కుర్రాడు మళ్లీ రాలేదు. అతని ఫొటోలు నేను చూశాను. నీడల్ని చూసే కన్ను ఉంది. ఆ రోజు వెంటనే నోరు విప్పి అడ్డు చెప్పనందుకు ఇప్పటికీ బాధ ఉంది. అప్పటి నుంచి నేనూ మావాడూ ఒక ఒప్పందం చేసుకున్నాం. నేర్చుకునేవాళ్లు ఎవరు పక్కన ఉన్నా బ్రాండ్ మాట ఎత్తం. మా కత్తులు మా ఇద్దరి మధ్యే.

2018లో కథ మళ్లీ మారింది. సోనీ 2013లోనే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) తెచ్చి ముందుకెళ్లిపోయింది. ఐదేళ్ల తర్వాత నికాన్ జెడ్ మౌంట్‌తో, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌తో వచ్చాయి. 1987 గురించి నన్ను ఇన్నేళ్లు ఎత్తిపొడిచిన మావాడి కంపెనీ కూడా చివరికి మౌంట్ మార్చింది! ఆ వార్త వచ్చిన రోజు నేను వాడికి ఫోన్ చేయలేదు. ఆ ఎఫ్ మౌంట్ వాడికి ఏమిటో నాకు తెలుసు. రెండు రోజుల తర్వాత వాడే చేసి, "అనాల్సింది అనెయ్యరా" అన్నాడు. "నాన్నగారి లెన్స్ అడాప్టర్‌తో ఎక్కుతుంది, చూశాను" అన్నాను.

ఇప్పుడు వాడిది జెడ్, నాది ఆర్ఎఫ్. జెడ్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 16 మిల్లీమీటర్లే, నాదాంట్లో 20. అద్దం పోయాక లోపల అంత చోటు మిగిలింది కాబట్టి పాత లెన్స్‌లన్నీ ఇద్దరికీ ఎక్కుతున్నాయి. ఇన్నేళ్లూ ఎక్కదని వాడు ఉడికించిన నా కెనాన్ 85, మౌంట్ బాగుచేయించాక, ఇప్పుడు అడాప్టర్ మీద వాడి నికాన్‌కి ఎక్కి ఆటోఫోకస్ కూడా చేస్తోంది. ఆరు నెలలుగా వాడి దగ్గరే ఉంది. 105 నా దగ్గర ఉంది. నా కెమెరాలో ఇప్పటికీ 00 అనే చూపిస్తుంది, కాబట్టి ఏ ఫొటో ఎంత ఎపర్చర్‌లో తీశానో రింగ్ చూసి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను. మొదటి పేజీలో మావాడి నాన్నగారి పేరు రాశాను.